సూరి బాబాయ్ చెవి

కిందటి వారం రజనిని మనం భిలాయి క్యాంప్ టూ బస్తీలో అప్పలసూరి గ్యారేజీ గుమ్మం దగ్గర వదిలేశాం. సైకిల్‌కి స్టాండు వేసి, చున్నీ నడుముకి బిగించి, దెబ్బలాటకి సిద్ధమై నిలబడింది. దెబ్బలాడాల్సిన మనిషేమో తనకి కారు నడపడం నేర్పినవాడు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని దసరా బొమ్మలు చూపించినవాడు. అందుకే పాపం, కాళ్లు ముందుకు పడటం లేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. రజని తండ్రి నరసింగరావు, ఈ అప్పలసూరి బొబ్బిలి దగ్గర ఒకే ఊరి నుంచి భిలాయి వచ్చి, ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పక్కపక్కనే పనిచేశారు. అప్పలసూరి ముందే బయటపడి గ్యారేజీ పెట్టుకున్నాడు. నరసింగరావు రిటైరయ్యేదాకా మిల్లుని అంటిపెట్టుకుని ఉండి, ఆ తరవాత ముచ్చటపడి ఒక పాత లేతనీలం కారు కొనుక్కున్నాడు. ఆ కారుని సూరి తప్ప ఇంకో మెకానిక్ ముట్టుకోవడానికి వీల్లేదు. దాని ముందు చక్రంలోంచి సన్నగా ఏదో కూత వస్తోందని రజని మొత్తుకుంది. పెద్దమనుషులిద్దరూ కారెక్కి, ఆమెతోనే నడిపించి, ఇల్లున్న రిసాలి పేట రోడ్ల మీద ఒక చుట్టు తిరిగొచ్చి, కూతా లేదు గీతా లేదు పొమ్మన్నారు. ఆ తరవాత, పురిటికి రాయపూర్ నుంచి వస్తున్న అక్క భాగ్యరేఖని ఎక్కించుకుని రజని నడుపుకొస్తుంటే, చరోదా దగ్గర సరిగ్గా ఆ చక్రమే బిగుసుకుపోయింది. కారు రోడ్డు దిగి పొలంగట్టుకి కొట్టుకుంది. నెలలు నిండని బిడ్డ ఆ సాయంత్రమే పుట్టేసింది.

తల్లీ పిల్లా ఇద్దరూ క్షేమం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు మిగతాది కుదురుగా చదవరు. పిల్ల ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో గుప్పెడంత ఉంది గానీ గొంతు మాత్రం వార్డంతా వినిపిస్తుంది. తప్పు ఎవరిదన్న సంగతి ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. నడిపినదానిది. ఆడపిల్లకి స్టీరింగ్ ఇచ్చినవాళ్లని అనాలి అన్నాడు బావ లక్ష్మీప్రసాద్. అది పోనీ, అల్లుళ్లు అలాగే అంటారు. కానీ నరసింగరావు కూడా, సూరి చూసి ఏమీ లేదన్నాడంటే ఏమీ లేనట్టే, నువ్వే ఎక్కడో గుంతలో దింపి ఉంటావు అన్నాడు. మేకుకి వేలాడే కారు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు నుంచి రజనికి అన్నం సయించడం లేదు. లోకం నమ్మకపోతే మానె, నాన్న నమ్మలేదు. పొరపాటు తనదేనని సూరి బాబాయ్ చేత నాన్న ఎదుట చెప్పించాలి. ఆమె వచ్చింది అందుకు.

గ్యారేజీ అంటే మరీ ఎక్కువ ఊహించుకోకండి. రేకుల షెడ్డు, నూనె తాగి తాగి నల్లబడిన నేల, గోడకి సింహాద్రి అప్పన్న పటం. బోర్డు లేదు. బోర్డుతో పనీ లేదు. సూరి ఉస్తాద్ దుకాణం ఎక్కడంటే క్యాంప్ టూలో పిల్లాడైనా దారి చూపిస్తాడు. ఆ పేరంతా సూరి చెవి తెచ్చిపెట్టింది. ఆటో వచ్చి ఆగీ ఆగకముందే దాని రోగమేమిటో చెప్పేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటే, బండి యజమాని డాక్టరు ముందు కూర్చున్న రోగిలా ఊపిరి బిగపట్టేవాడు. ఆ చెవిని చూసి గర్వపడినవాళ్లలో రజని కూడా ఉంది. స్నేహితురాళ్లకి గొప్పగా చెప్పుకునేది, మా బాబాయ్ చెవికి తెలియని బండి లేదని.

ఆమె లోపలికి వెళ్లేసరికి అప్పలసూరి ఒక జీపు వెనక చక్రం ముందు గొంతుక్కూర్చుని, గుమ్మానికి వీపు పెట్టి పని చేసుకుంటున్నాడు. ముఖం చూడకపోవడమే మంచిదనుకుంది రజని. ముఖం చూస్తే మాట రాదు. స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా ఇంత తయారై ఉండదు, దారి పొడవునా అనుకుంటూ వచ్చిందంతా ఆ వీపుకి అప్పజెప్పింది. కూత వస్తోందని తాను చెప్పిన సంగతి, ఆయన తల అడ్డంగా ఊపిన సంగతి, చక్రం బిగుసుకుపోయిన సంగతి, నాన్న తాళంచెవి తీసేసిన సంగతి. చివరికొచ్చేసరికి ఏడ్చేసింది. వీపు కదల్లేదు. పానాతో నట్టు బిగిస్తూనే ఉన్నాడు.

రజనికి ఒళ్లు మండింది. తిట్టినా పడేది గానీ, ఉలకనివాళ్ల ముందు ఏడవడం కంటే సిగ్గుచేటు ఇంకోటుందా? చరచరా చుట్టూ తిరిగి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది.

అప్పలసూరి తలెత్తాడు. నెరిసిన మీసాల కింద ముఖమంతా వికసించింది.

"ఓలమ్మ, ఎప్పుడొచ్చినావే తల్లీ? పాపెలాగుంది? పాలు తాగుతున్నాదా?"

ఇంత నటన ఈయనకి ఎక్కడ అబ్బిందా అనుకుంది రజని. పాప బాగానే ఉందని ముక్తసరిగా చెప్పింది. తాను కూడా ఆసుపత్రి దాకా వెళ్లానని, వరండాలో లక్ష్మీప్రసాద్ ముఖం చూసి, కొన్న బత్తాయిలు వాచ్‌మన్ చేతిలో పెట్టి తిరిగొచ్చేశానని చెప్పాడాయన. చెబుతున్నంతసేపూ చూపు ఆమె నోటి మీదనుంచి కదల్లేదు. అది కూడా రజనికి అప్పుడు తట్టలేదు. కోపంలో ఉన్నప్పుడు మనకి ఎదుటివాళ్ల తప్పులు తప్ప ఇంకేమీ కనిపించవు కదా.

కారు షెడ్డు వెనక ఉంది. ముందు భాగం ఎత్తిపెట్టి, పాడైన చక్రం ఊడదీసి, లోపలి బేరింగు గోనెసంచి మీద పెట్టాడు. రోడ్డు మీద గుంతకి దెబ్బ తగిలి బేరింగు పగిలిపోయిందని, అందులో ఆమె తప్పేమీ లేదని, ఆ రోడ్డుని ఎవడు నడిపినా అంతేనని మెత్తగా సర్దిచెప్పబోయాడు. అలా సర్దిచెప్పడమే ఆమెకి ఎక్కువ నొప్పెట్టింది. గుంతలో దింపింది నువ్వేనని చెబుతూనే, క్షమించేశానంటున్నట్టు ఉంది ఆ మాట.

రజని వంగి ఆ ఇనుప చుట్టుని చేతిలోకి తీసుకుంది. వెలుతురులోకి పట్టి చూసింది.

"బాబాయ్, ఇది నీలం తిరిగింది," అంది.

ఉక్కు ఊళ్లో పుట్టిన పిల్లకి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఉక్కు వేడెక్కితే ముందు గడ్డిరంగు, తరవాత వంకాయరంగు, ఆ పైన నెమలికంఠం నీలం. దెబ్బ తగిలి విరిగితే విరిగినచోట తెల్లగా మెరుస్తుంది. నీలం రావాలంటే అది ఎండి, రాపిడై, కాగి కాగి ఉండాలి.

"గుంతలో పడి విరిగితే తెల్లగా ఉంటుంది కదా. నువ్వే చెప్పావు నాకు. ఇది చాలా రోజుల్నించి గ్రీజు లేకుండా కాలింది. ఏక్ దిన్ మే ఐసా నహీ హోతా, బాబాయ్, ఒక్క రోజులో ఇలా అవదు. నేను విన్నది ఇదే."

అప్పలసూరి ఆ చుట్టుని అందుకుని వేళ్ల మధ్య తిప్పాడు. మనుషులతో ఆయన ఎన్నయినా అబద్ధాలాడగలడు, వ్యాపారం చేసేవాడికి తప్పదు. ఉక్కు విషయంలో మాత్రం అబద్ధం ఆయన నోటికి రాదు. చాలాసేపు చూసి, దాన్ని గోనెసంచి మీద తిరిగి పెట్టేశాడు. పక్కనున్న టైరు మీద కూర్చుని, నిజమే అన్నాడు. అంతే. నిజమేనమ్మా, ముందునించే ఎండిపోయి ఉంది అన్నాడు.

గెలిచింది రజని. గెలిస్తే ఎలా ఉంటుందో దారంతా ఊహించుకుంటూ వచ్చింది, అలా ఏమీ లేదు. టైరు మీద కూర్చున్న ఆ మనిషి ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు. అయినా అడగాల్సింది అడిగింది. మరి ఆ రోజు ఏమీ లేదని ఎందుకన్నావు, నా మాట ఎందుకు కొట్టిపారేశావు అని.

ఆయన లేచి కారు రెండో వైపుకి నడిచాడు. ఒక్కటైనా తాను సరిగ్గా చూశానని చూపించుకోవాలనే ఆరాటం కాబోలు, ఇటు చక్రం చూడు, దీనికేమీ లేదు అంటూ దాన్ని చేత్తో గట్టిగా తిప్పి వదిలాడు.

చక్రం తిరిగింది. సన్నగా, పలచగా కీచుమంటూ తిరిగింది. మొదటి చక్రం కూడా మొదట్లో ఇలాగే కూసేది. అప్పలసూరి స్క్రూడ్రైవర్ మొన చక్రం నడిమికి ఆనించాడు. పిడిని చెవికి పెట్టుకోలేదు. నోట్లో పెట్టుకుని పళ్లతో కరిచి పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఆ తరవాత పిడి తీసి, తృప్తిగా తల ఊపాడు.

"పువ్వులాగున్నాది. సప్పుడే నేదు."

చక్రం ఇద్దరి మధ్యా ఇంకా కీచుమంటూనే ఉంది.

రజని మెల్లిగా ఆయన వెనక్కి నడిచింది. సూరి బాబాయ్ అని పిలిచింది. ఆయన చక్రాన్నే చూస్తున్నాడు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. అరుస్తే వినేవాడేమో, కానీ ఆమెకి అరవబుద్ధి కాలేదు. ఇందాక తాను ఏడుస్తూ చెప్పుకున్నదంతా నిజంగానే వీపుకి చెప్పుకుందని అర్థమైంది. కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ ముందుకొచ్చి నిలబడింది. ఆ ముఖం చూడగానే, ఆమెకి తెలిసిపోయిందని అప్పలసూరికీ తెలిసిపోయింది.

అప్పుడు చెప్పాడు, తన పెళ్లాం జోగమ్మకి తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ చెప్పని సంగతి. మిల్లులో ఎర్రగా కాలిన పట్టాలను కోసే రంపం ఉండేది. అది పట్టాని ముట్టుకుంటే పుట్టే అరుపు చెవుల్లోంచి దూరి ఎముకల్లో ఆగేది. చెవుల్లో దూది పెట్టుకుని, చేతి సైగలతోనే మాట్లాడుకుంటూ వయసంతా దాని పక్కనే గడిపేశారు. మిల్లు వదిలాక ముందు కీచురాళ్లు అరవడం మానేశాయనుకున్నాడు. తరవాత కుక్కర్ విజిల్ పోయింది. ఆ తరవాత వంటింట్లోంచి జోగమ్మ పిలుపు పోయింది. ఇప్పుడామె పిలవదు, వచ్చి భుజం తడుతుంది. లావు చప్పుళ్లు ఇంకా వినపడతాయి, సన్నవి ఒక్కటీ వినపడవు. మాటలైతే పెదాలు చూసి పోల్చుకుంటాడు. ఇంజను దడని పళ్లతో పట్టుకుంటాడు. ఇన్నాళ్లూ అలాగే నెట్టుకొచ్చాడు.

"ఈ సెవి పోయిందని తెలిస్తే క్యాంప్ టూలో నాకాడికి సైకిలైనా తేరమ్మా," అన్నాడు. "ఈ దుకాణం మూస్తే నాను ఏటి సేస్తాను? ఇంకో పని రాదు నాకు."

జాలిపడినంత మాత్రాన రజని వదిలిపెట్టే రకం కాదు. వినపడకపోతే వినపడలేదని ఒక్క మాట అంటే సరిపోయేది కదా, ఇంకొకరికి చూపించుకోమంటే పోయేది కదా అని నిలదీసింది. అక్కకి ఏమైనా అయ్యుంటే, పాపకి ఏమైనా అయ్యుంటే అని అడగబోయి, ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది. అప్పలసూరి తల వంచుకునే ఉన్నాడు. ఆమె పెదాలు కనిపించాలని మళ్లీ తలెత్తాల్సి వచ్చింది. తిట్లు తినడానికి కూడా తల దించుకునే వీల్లేదు ఆ మనిషికి. అది చూసి రజని గుండె కరిగి నీరైపోయింది.

"నాకు ఇనపడదని నాకు తెలుసమ్మా. అందుకే ఆ రోజు నీ మాట తీసెయ్యాలనుకోనేదు," అన్నాడు. "మీ నాన్న ముందు సీట్లో కూకున్నాడు గదా. అన్నయ్యకి ఇనపడితే మొకంలో తెలిసిపోద్ది గదా అని, అద్దంలో అన్నయ్య మొకమే సూస్తా కూకున్నాను. సల్లగా ఉన్నాది మొకం. అన్నయ్యకే ఇనపడకపోతే మరి లేనట్టే గదా అనుకున్నాను."

రజని ముందు ఆ మాటని వదిలేసింది. ఒక క్షణం తరవాత ఆ మాటే వచ్చి గుండెల మీద కూర్చుంది. అదే రంపం పక్కన నాన్న ఈయనకంటే ఎక్కువ కాలం ఉన్నాడు. ఇంట్లో టీవీ మోత గురించి అమ్మ రోజూ దెబ్బలాడుతుంది. పెరట్లో ఉండి పిలిస్తే నాన్న పలకడు, రిటైరయ్యాక చికాకు ఎక్కువైందనుకున్నారు అందరూ. సాయంత్రం కరెంటు పోయినప్పుడు పక్కనే కూర్చుని ఏదైనా చెబితే ఊ కొట్టడు. దీపం వెలిగించాక, ఏదో అన్నావా అమ్మా అంటాడు. తన మీద కోపమేమో అని ఎన్నిసార్లు లోలోపల కుమిలిపోయింది.

"బాబాయ్, నాన్నకీ వినపడదు," అంది.

అప్పలసూరి ఆమె పెదాల వంక రెప్ప వెయ్యకుండా చూశాడు. తాను సరిగ్గా పోల్చుకున్నాడో లేదో అన్నట్టు మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పింది. ఆయన ముఖం మీదికి ముందు నవ్వొచ్చింది. ఒకరి చెవి మీద నమ్మకం పెట్టుకుని ఒకరు, ఇద్దరు చెవిటివాళ్లు కారులో దర్జాగా ఊరేగిన తీరు తలుచుకుంటే నవ్వు రాక ఏమవుతుంది? రజనికీ వచ్చింది. ఇద్దరూ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. తరవాత ఆయన తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. చాలాసేపటిదాకా ఆ తువ్వాలు తియ్యలేదు.

తీశాక, కిరసనాయిలుతో చేతులు కడుక్కుని మంచి చొక్కా తొడుక్కున్నాడు. పద, అన్నయ్యకి చెబుదాం అన్నాడు. వద్దంది రజని. నాన్న ఎందుకలా అన్నాడో తెలిసింది, తనకది చాలు. ఈ సంగతి నలుగురి నోళ్లలో పడితే దుకాణం ఏమవుతుందో ఆలోచించుకోమంది.

"నీకు సాలు. నాకు సాలదు," అన్నాడు ఆయన. "నిన్ను తప్పుబట్టిన ఇంట్లో నాను కాఫీ ఎలాగ తాగుతాను?"

పట్టపగలు షట్టరు దించి తాళం వేశాడు. స్కూటర్ బయటికి తీసి, దాని తాళంచెవి రజని చేతిలో పెట్టి, తాను వెనక సీట్లో కూర్చున్నాడు. వెనకాల నుంచి వచ్చే హారన్లు తనకి అన్నీ వినపడవని, అందుకే ఊరు దాటి వెళ్లడం మానేశానని దారిలో చెప్పాడు. రజని రిసాలి దాకా నెమ్మదిగా నడిపింది. గుంతలు వచ్చినప్పుడల్లా ఇంకా నెమ్మదిగా నడిపింది.

ఇంటి గేటు తీస్తుంటేనే లోపలి నుంచి కిర్రుమని చప్పుడు వినిపించింది. వరండాలో నరసింగరావు ఉయ్యాల కడుతున్నాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఊగిన ఉయ్యాలే, అటక మీంచి దింపి, తుడిచి, గొలుసులకి తగిలించాడు. చేత్తో ఊపి చూసుకుంటున్నాడు. ఊపినప్పుడల్లా గొలుసు కొక్కెం దగ్గర కిర్రు కిర్రుమంటోంది. ఆయన ముఖంలో మాత్రం సంబరం పట్టరానిదిగా ఉంది. వాళ్లని చూసి, రండి రండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

"సూడు రజనీ, ఎంత నున్నగా ఊగుతున్నాదో. పాపకి నిద్రాభంగం ఉండదు," అన్నాడు.

రజని కాదనలేకపోయింది. అవును నాన్నా అంది. అప్పలసూరి ఆ గొలుసు వంక, స్నేహితుడి వంక చూశాడు. ఉయ్యాలని చేత్తో పట్టుకుని ఆపాడు. నరసింగరావు ముఖం మాడ్చుకోబోయి, సూరి కళ్లు చూసి ఆగిపోయాడు.

అప్పలసూరి ఆయన ఎదుట పీట మీద కూర్చున్నాడు. మాటలతో మొదలుపెట్టాడు గానీ, మధ్యలో మాటలు ఆగిపోయి చేతులు అందుకున్నాయి. మిల్లులో రంపం అరుస్తుంటే మాట్లాడుకున్న సైగలు అవి. అరచెయ్యి తిప్పడం, పిడికిలి బిగించడం, రెండు వేళ్లు చెవికి తాకించి గాలిలో వదిలేయడం. రజనికి ఆ భాష రాదు. అయినా తండ్రి ముఖం చూస్తే అన్నీ తెలుస్తున్నాయి. ముందు చిరాకు, తరవాత అనుమానం. ఆ తరవాత నరసింగరావు చేతులు కూడా లేచాయి. ఏదో అడిగాడు. సూరి జవాబు చెప్పాడు. ఇద్దరి చేతులూ ఒళ్లోకి దిగిపోయాయి. వరండాలో ఒక్క మాట కూడా పైకి వినపడలేదు గానీ, అంత నిండుగా మాట్లాడుకున్న మనుషులని రజని ఎప్పుడూ చూడలేదు.

నరసింగరావు కూతురి వైపు తిరిగాడు.

"నీ మాట నమ్మక కాదమ్మా," అన్నాడు. "నాకు ఇనపళ్లేదు. నాను సూరి మొకం సూసినాను. ఆడు నా మొకం సూసినాడంట. నీకు ఇనపడింది నాకు ఇనపళ్లేదని ఒప్పుకోడానికి సిగ్గేసింది. ఇల్లు నడిపినోణ్ని గదా. అందుకని నీ మీద తోసీసినాను."

ఆయన ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదు. పిల్లల్ని ప్రేమించడం ఎలాగో తెలుసు గానీ, ఆ సంగతి చెప్పడం తెలియని తరం అది. జేబులోంచి కారు తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, ఆ పిడికిలిని తన రెండు చేతుల మధ్యా పట్టుకున్నాడు. రజని నేల మీద కూలబడి తండ్రి మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఇన్ని రోజులుగా దాచుకున్న ఏడుపది, ఒక పట్టాన తీరలేదు. ఆయన ఆమె జుట్టు నిమురుతూ కూర్చున్నాడు. అప్పలసూరి అటు తిరిగి, కొక్కేనికి నూనె రాసే పని పెట్టుకున్నాడు.

అల్లుడితో తానే మాట్లాడతానని నరసింగరావు చెప్పాడు. తప్పు పెద్దవాళ్లదని, బండిని సరిగ్గా చూసుకోలేదని ఆసుపత్రికి వెళ్లి ముఖాముఖి చెబుతానన్నాడు. చెవుల సంగతి మాత్రం ఇప్పుడే వద్దన్నాడు. రజని తల్లి కన్నమ్మ ఇప్పటికే పెద్దపిల్ల గురించి, అద్దాల పెట్టెలోని పాప గురించి బెంగతో సగమైపోయింది. పాప ఇంటికి వచ్చాక తానే మెల్లిగా చెప్పుకుంటానన్నాడు. అప్పటిదాకా ఎవరి దగ్గరా ఎత్తొద్దని కూతుర్ని మాటివ్వమన్నాడు. రజని మరో ఆలోచన లేకుండా ఆయన చేతిలో చెయ్యి వేసింది. ఆ క్షణంలో ఏమడిగినా ఇచ్చేసేది.

గేటు చప్పుడైంది. ఆసుపత్రి నుంచి కన్నమ్మ ఖాళీ టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. ఇన్ని రోజులకి ఆమె ముఖంలో కళ కనిపించింది. పాపని ఇవాళ పెట్టెలోంచి తీసి తల్లి పక్కన పడుకోబెట్టారట. ఆ ముచ్చటంతా ఒక్క ఊపిరిలో చెప్పింది. వరండాలో సూరిని చూసి, దెబ్బలాటలు తీరినట్టున్నాయని నవ్వింది. కళ్లు ఎర్రబడిన కూతుర్ని దగ్గరికి తీసుకుంది. ఆ తరవాత భర్త వైపు చూసి, ఇంకా చెప్పలేదా వీళ్లకి అని అడిగింది. నరసింగరావు సిగ్గుపడుతూ ఉయ్యాల గొలుసు సవరించుకున్నాడు.

"రేపట్నించి మీ అన్నయ్యకి మళ్లీ డ్యూటీ, సూరిబాబూ," అంది కన్నమ్మ. "చరోదా యార్డులో. కాంట్రాక్టరు మన పార్వతీపురం వోడే. పట్టాల మధ్య తిరిగి వ్యాగన్ల తలుపులు సరిగ్గా పడ్డాయో నేదో సూడ్డవే పని. వయసడగలేదు, డాక్టరు పరీక్షలు గట్రా ఏటీ నేవు."

ఇంట్లో కూర్చుంటే మనిషి తుప్పు పట్టిపోతాడని, పొద్దున్నే ఒప్పేసుకున్నానని నరసింగరావు చెప్పాడు. రిటైరైన రోజు నుంచి ఎక్కడికో పోయిన నవ్వు ఆయన ముఖంలోకి తిరిగొచ్చింది. పాత డ్యూటీ బూట్లు అప్పుడే పాలిష్ చేసి గుమ్మం పక్కన పెట్టుకున్నాడు కూడా.

చరోదా యార్డు రజనికి తెలుసు. వంతెన మీద బస్సు ఆగినప్పుడల్లా కిటికీలోంచి చూసింది. అక్కడ ఇంజను వ్యాగన్లని ఒక్క తోపు తోసి వదిలేస్తుంది. అవి వాటంతటవే, మనిషి వెనకాల మనిషి నడిచొచ్చినట్టు, చప్పుడు లేకుండా పట్టాల మీద జారుకుంటూ వస్తాయి. తప్పుకోమని చెప్పడానికి దూరంగా ఒక మనిషి ఈల ఊదుతాడు. సన్నటి ఈల.

ఆమె అప్పలసూరి వైపు చూసింది. నూనెగిన్నె చేతిలో పట్టుకుని, ఆయన రాయిలా నిలబడిపోయాడు. కన్నమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏటే అలాగ నిలబడిపోనావు? నాన్నకి మంచి జరిగితే ఒక్క మాటైనా అనవేటి?"

నరసింగరావు ఆశగా కూతురి పెదాల వంక చూస్తున్నాడు. ఇందాక ఇచ్చిన మాట ఒకవైపు, ఆ సన్నటి ఈల ఇంకోవైపు. రజని నోరు తెరిచింది.